శబరి లోయలో వరద సేద్యం – డెల్టా రైతు తెలుసుకోదగిన సంగతులు

పట్టిసీమ పంపులు నడిచిన సంవత్సరాలలో గుడ్లవల్లేరు ప్రాంతపు కాలువ నీటిలో గోదావరి జలం కూడా కలిసి ఉంటుంది. 2015 నుండి ఈ పథకం ద్వారా తోడిన నీరు పోలవరం కుడి కాలువ వెంట వచ్చి, ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో కలిసి, ప్రకాశం బ్యారేజి మీదుగా కృష్ణా డెల్టాకు చేరుతున్నది. నాట్లు ముందుగా పడితే నవంబరు తుఫానులకు ముందే కోతలు ముగించుకొనే వీలు కలుగుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమకు ఈ వెసులుబాటు విలువ వేరుగా చెప్పనవసరం లేదు. అయితే ఆ నీరు పట్టిసీమ చేరకముందు దాటి వచ్చిన కొండలోయను గురించి మన రైతులకు తెలిసినది స్వల్పం.

లోయ స్వరూపం

ఒడిశాలోని కొరాపుట్ కొండలలో కొలాబ్ పేరుతో పుట్టిన శబరి, సీలేరును కలుపుకొని కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. అక్కడికి దిగువన గోదావరి పాపికొండల నడుమ ఇరుకు దారిలో సాగవలసి ఉంటుంది. పెద్ద వరద ఆ ఇరుకులో ఇమడక పైకి లేచి, శబరిని ఎదురు నెట్టుతుంది. అందువలన స్థానికంగా వాన లేకున్నను కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు మండలాల పల్లెలు జలదిగ్బంధంలో చిక్కుకొంటాయి. భద్రాచలం వద్ద మూడవ ప్రమాద హెచ్చరిక స్థాయి 53 అడుగులు కాగా, 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగుల మట్టం నమోదైనది. డెల్టాలో నీరు అడ్డంగా పరచుకొని, మురుగు కాలువలు లాగక నిలుస్తుంది. లోయలో నిలువుగా పెరిగి, వాగుల వెంట వెనుకకు ఎక్కుతుంది.

సేద్యపు క్రమం

కోయ, కొండరెడ్డి కుటుంబాలు వానాకాలంలో మెరక భూములపై జొన్న, సామ, కంది వంటి పంటలు పండిస్తారు. ఏటి ఒడ్డు భూములలో వరద తీసిన పిదప ఒండ్రులోని తేమను ఆధారం చేసుకొని మిరప, పొగాకు, అపరాలు వేస్తారు. వరి కోతకు ముందు మనం చల్లే మినుము మిగులు తేమతో పండటంలోను ఇదే సూత్రం ఉన్నది.

పల్లపు వరికి స్వర్ణ సబ్‌-1 కొంత ఆసరా. మార్టేరు వంగడమైన స్వర్ణకు ఒడిశా నాటు వరి మూలంగా లభించిన ముంపు సహన జన్యువును చేర్చి దీనిని రూపొందించారు. పిలకల దశలో సుమారు రెండు వారాల ముంపును ఇది తట్టుకొంటుంది. కాని బురద నీటిలో ఆకులకు వెలుతురు అందక ఆ శక్తి తగ్గుతుంది. పూత దశలో ఈ రక్షణ ఉండదు.

నిలిచే నీరు

వచ్చి పోయే వరద ఒండ్రునిస్తుంది. నిలిచిన నీరు భూమినే తీసుకొంటుంది. పోలవరం జలాశయపు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. జలాశయం నిండుగా ఉండే అక్టోబరు, నవంబరు మాసాలే ఒడ్డు భూములలో విత్తు వేళ. కనుక పునరావాసంలో విస్తీర్ణానికి విస్తీర్ణం లెక్కించితే చాలదు. ఇవ్వబోయే భూమి లోతు, తేమను నిలుపుకొనే గుణం ముందుగా పరీక్షించాలి. తరలింపుకు ముందే స్థానిక విత్తనాలను సేకరించి, కొత్త నేలలలో రైతుల సమక్షంలోనే సాగు చేసి చూడాలి. ఆ లోయ మీదుగా వచ్చిన నీటితో పంట పండించుకొనే డెల్టాలోని పరిశోధకులు ఈ పనిలో ముందుండటం న్యాయం.