కొయ్యబల్ల చెప్పే వయస్సు

ప్రాచీన వస్తువులపై మక్కువ గలవారు కొయ్యబల్ల పైభాగపు నిగనిగలను చూసి తరచు మోసపోతుంటారు. నల్లబారిన రంగు, గీతలు, పగుళ్ళు కృత్రిమంగా కల్పించదగినవే. బల్ల నిజమైన వయస్సును వెల్లడించేవి దాని అడుగుభాగం, సొరుగుల లోపలి భాగాలు.

కొయ్య ఆరినకొద్దీ నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది. నిడివిలో దాదాపు తగ్గదు. అందువలన నిండు పలకలతో చేసిన పాత గుండ్రని బల్లను కొలిస్తే, నారకు అడ్డంగా వ్యాసం కొంత తక్కువగా కనిపిస్తుంది. చేతిరంపం హెచ్చుతగ్గులతో కూడిన తిన్నని గీతలను మిగులుస్తుంది. వంపు తిరిగిన గీతలు గుండ్రని యంత్రరంపానివి. అది 19వ శతాబ్దిలో వ్యాప్తి చెందింది. ఆ శతాబ్ది మధ్యకాలం వరకు మరమేకుల కొనలు మొండిగా ఉండేవి. సొరుగు మూలలలో ఒకదానిలో ఒకటి ఇమిడిన పళ్ళు సరిసమానంగా లేకుంటే అది సాధారణంగా చేతిపనియే.

అయితే ఏ ఒక్క గుర్తూ చాలదు. పాత బల్లకు మరమ్మతులో కొత్త మేకు చేరవచ్చు. పాత కొయ్యతో కొత్త బల్లను చేయవచ్చు. గుర్తులన్నీ ఏకీభవించినప్పుడే కొనుగోలుదారు నమ్మవలె. కొన్న పిదప పాత పూతను గీకి కొత్త మెరుగు దిద్దరాదు. ఆ మెరుగుతో బల్ల అందగించవచ్చు గాని, దాని చరిత్ర చెరిగిపోతుంది.