రెండు గడియారములు

పరదేశ జీవితమును గూర్చి వ్రాయువారు అచటి ఎత్తైన మేడలను, విశాలమైన రహదారులను, సిరిసంపదలను తఱచుగా వర్ణింతురు. వాటిని చిత్రములలో మీరును చూచియే యుందురు. నేను కృష్ణా డెల్టాలోని ఉయ్యూరు ప్రాంతమునుండి వెళ్లి, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసన్ అను పట్టణమున పదునెనిమిది సంవత్సరములుగా నివసించుచున్నాను. ఇన్నేండ్లలో నాకు వింతగా తోచినవియు, కష్టముగా తోచినవియు మేడలు కావు. ప్రొద్దు పొడుచుట, ప్రొద్దు క్రుంకుట, గడియారపు ముల్లు తిరుగుట: ఇవి ఎల్ల దేశములకు సమానమే కదా యని మనము తలంతుము. ఆ తలంపు సరికాదని అచటికి పోయిన మొదటి శీతకాలముననే తెలియును.

విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 16.5 డిగ్రీల అక్షాంశమున నున్నది. ఎడిసన్ సుమారు 40.5 డిగ్రీల యొద్ద నున్నది. భూమి తన అక్షముపై 23.5 డిగ్రీలు వాలి తిరుగుటచేత, భూమధ్యరేఖనుండి దూరముగా పోయినకొలది వేసవి పగళ్లు సాగును, శీతకాలపు పగళ్లు కుఱుచ యగును. విజయవాడలో సంవత్సరమునందలి దీర్ఘమైన పగటికిని, కుఱుచయైన పగటికిని గల భేదము సుమారు రెండు గంటలు మాత్రమే. ఎడిసనులో ఆ భేదము ఇంచుమించు ఆఱు గంటలు. జూన్ నెలలో రాత్రి ఎనిమిదిన్నరకు గాని సూర్యు డస్తమింపడు. డిసెంబరులో నాలుగున్నరకే అస్తమించును. మన యూరిలో ఆ వేళకు పశువులు బీడునుండి మఱలియైనను రావు.

చలికాలపు ఉదయమున ఏడు గంటలకు ఇంకను మసక చీకటియే. ఆ చీకటిలోనే పిల్లలు ఉన్నికోటులు ధరించి, బడి బస్సు కొఱకు వీధి మలుపున నిలిచియుందురు. బస్సు ఆగినంతనే దానిపై ఎఱ్ఱదీపములు వెలుగును. ఇరువైపుల వచ్చు వాహనములన్నియు 25 అడుగుల దూరముననే నిలిచిపోవలయును. పిల్లవాడు బస్సెక్కి కూర్చుండు వఱకు ఎంతటివాడైనను కదలరాదు. ఈ యొక్క నియమమును మాత్రము మన బందరు రోడ్డునకు తెచ్చిన బాగుండునని చాలమారులు అనుకొంటిని.

మంచు కురిసిన నాడు ఇంటి ముందటి కాలిబాటను ఇంటివారే శుభ్రము చేయవలయును. వైద్యుడైనను, న్యాయవాదియైనను తెల్లవాఱుజామున పార పట్టును. కాలువ గట్టున పార పట్టి పెరిగినవాడను గనుక నాకు ఆ పని క్రొత్త కాలేదు. చలి మాత్రము క్రొత్త.

ఇక గడియారముల సంగతి. మన దేశమంతటికిని ఒకే కాలము. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి దీనిని నిర్ణయించిరి. ఆ రేఖ మన కాకినాడకు సమీపముననే పోవును. ఈ కాలము 1906లో అమలునకు వచ్చినది. అమెరికా ప్రధాన భూభాగమునందు నాలుగు కాలము లున్నవి. పూర్వ మచట ఊరికొక మధ్యాహ్నము ఉండెడిది. దానితో రైళ్లు నడపుట అసాధ్యమై, 1883 నవంబరు 18న రైల్వే కంపెనీలు కాలమండలములను ఏర్పఱచుకొనెను. అంతటితో ఆగక, వేసవి వెలుతురును వాడుకొనుటకై గడియారమును ఒక గంట ముందునకు త్రిప్పు పద్ధతిని 1918లో తెచ్చిరి. 2007 నుండి మార్చి నెల రెండవ ఆదివారమున ముందునకు, నవంబరు మొదటి ఆదివారమున వెనుకకు త్రిప్పుచున్నారు. కావున మనకును వారికిని గల అంతరము వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలమున పదిన్నర గంటలు.

మా నాయనగారు ప్రతిదినము ఉదయము అయిదున్నరకు కాఫీ త్రాగి నాకు ఫోను చేయుదురు. మాకది ముందటినాటి రాత్రి ఎనిమిది గంటలు. అందఱము భోజనమునకు కూర్చుండు వేళ. నవంబరు వచ్చినంతనే ఆ ఫోను ఏడింటికే మ్రోగును. అప్పటికి నేను న్యూయార్కునుండి వచ్చు రైలులో నిలుచుండి యుందును. ఒకనాడు ఈ సంగతి చెప్పగా నాయనగారు నవ్వి, "గడియారమును కూడ వెనుకకు త్రిప్పుదురా మీ దేశమువారు? మన కాలువకు నీరు వచ్చు వేళ మాఱునా, గేదెకు పాలు పితుకు వేళ మాఱునా? నేను మార్చుకొనను పోరా" అనిరి. ఆయన మార్చుకొనలేదు. మా యింటి వంటగది గోడకు రెండు గడియారములు తగిలించితిమి. ఏటికి రెండుమారులు ఒకదానిని త్రిప్పుదుము, రెండవదానిని ముట్టము. దానికి మా అమ్మాయి తాతయ్య గడియారమని పేరు పెట్టినది. అది చిన్నపిల్లగా నున్నపుడు, "తాతయ్య యింటిలో అప్పుడే రేపు అయిపోయినది" అనెడిది. అంతకంటె సూటిగా ఎవరు చెప్పగలరు?

ఈ ఫోను సౌకర్యము పూర్వులకు లేదు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా చేరెను. ఆ రోజులలో ఉత్తరము ఓడలో వారముల తరబడి ప్రయాణము చేయవలసి యుండెను. పొట్టకూటికై ఆసుపత్రిలో సేవకుని పని చేసి, అనంతరము వైద్యలోకము మఱువలేని మందులకు కారకుడైన ఆ మహనీయుడు మఱల స్వదేశమును చూడకయే 1948లో అచటనే మరణించెను.

గడియారముకంటె చిక్కైనది పంచాంగము. సూర్యునినుండి చంద్రుడు 12 డిగ్రీలు దూరమగుటకు పట్టు కాలము ఒక తిథి. అది ప్రపంచమంతటను ఒకే క్షణమున మొదలై ఒకే క్షణమున ముగియును. కాని సూర్యోదయమునకు ఏ తిథి యున్నదో ఆనాటికి ఆ తిథిని లెక్కింతురు. సూర్యోదయము ఊరూరికిని వేఱు. చైత్ర శుద్ధ పాడ్యమి మన దేశమున శనివారము సాయంకాలము నాలుగింటికి మొదలై ఆదివారము మూడున్నరకు ముగిసిన దనుకొనుడు. ఉయ్యూరిలో ఆదివారము సూర్యోదయమునకు పాడ్యమి యుండును, ఆనాడే ఉగాది. ఎడిసనులో ఆ పాడ్యమి శనివారము ఉదయము ఆఱున్నరకే మొదలై, ఆదివారము సూర్యోదయమునకు ముందే ఆఱింటికి ముగియును. కావున అచట శనివారమే ఉగాది. అందుచేత అమెరికాలోని దేవాలయములు తమ ఊళ్లకు వేఱుగా పంచాంగములు గణింపించుకొనును. ఉగాది ఏనాడు వచ్చినను సెలవు దినముననే పచ్చడి చేసికొనువారు పలువురు. వారిని నేను తప్పుపట్టను. వేపపూవు దొరకుటయే అచట గొప్ప.

పండుగ ఒకనాడు అటునిటు అయినచో పోవున దేమియు లేదు. మా అమ్మ పోయిన నాడు ఈ లెక్కలు వేఱు విధముగా తెలిసినవి. ఆమె ఒక డిసెంబరు మాసమున, మార్గశిర శుద్ధ దశమినాడు, రాత్రి పదకొండు గంటలకు కన్ను మూసెను. నాకు ఆ వార్త అదే దినమున మధ్యాహ్నము పండ్రెండున్నరకు, కార్యాలయమున అన్నపు డబ్బా తెఱచుచుండగా వచ్చినది. ఎంత త్వరపడినను ఆ రాత్రి పదింటికి గాని విమానము లేదు. హైదరాబాదు చేరుటకు ఇరువది గంటలు, అటనుండి మా యూరికి మోటారులో మఱి కొన్ని గంటలు. "నీ కొఱకు ఆగుదుమా?" అని అన్నయ్య అడిగెను. నాయనగారికి ఎనుబది యేండ్లు. రెండు రాత్రులు ఆయనను అట్లు కూర్చుండబెట్టుట నాకు ఇష్టము లేక, ఆగవలదంటిని. దహనము జరుగు వేళకు నేను సముద్రముపై నుంటిని.

మఱుసటి సంవత్సరము తద్దినము వచ్చినది. తద్దినమునకు అపరాహ్ణమున తిథి యుండవలయునని మా పురోహితుడు చెప్పెను. ఆ యేడు దశమి మన దేశమున మంగళవారము రాత్రి పదింటికి మొదలైనది. ఉయ్యూరిలో బుధవారపు అపరాహ్ణమునకు దశమి యున్నది. ఎడిసనులో మంగళవారపు అపరాహ్ణమునకే యున్నది. ఒక తల్లికి ఇద్దఱు కొడుకులము రెండు దినములందు తద్దినము పెట్టవలసి వచ్చినది. నేను మంగళవారము ముగించితిని. అర్ధరాత్రి దాటిన పిదప మేల్కొని ఫోనులో చూడగా, మా యింటి వసారాలో ఎండ పడుచుండెను. అన్నయ్య తడిబట్టలతో పీటపై కూర్చుండుచుండెను. నాయనగారు ఫోనువైపు వంగి, "నీ పని అయినదా?" అని అడిగిరి. అయినదంటిని.

"అయితే ఇక పడుకొనుము. తెల్లవాఱినచో నీకు రైలున్నది కదా" అనిరి.