వేగుచుక్క మీదికి ప్రయాణం దండుగేనా?

తెల్లవారుజామున మోటారు వేయడానికి పొలానికి వెళుతుంటే తూర్పున వేగుచుక్క మెరుస్తోంది. ఆ చుక్కను చూసే మా తాత ఎడ్లను కట్టేవాడట. "దాని పేరు శుక్రుడు నాన్నా, అక్కడ రష్యావాళ్లు యంత్రాలు దింపారు" అన్నాను. "దింపితే ఏమయ్యాయి?" అన్నాడు నాన్న. "గంటా రెండు గంటల్లో పాడైపోయాయి." "అంత డబ్బు పోసి కాలిపోవడానికి పంపారా?" అని నవ్వాడు. అప్పుడు నాకు జవాబు తోచలేదు. మిత్రులారా, ఆ జవాబే ఈ వ్యాసం.

శుక్రుడు పరిమాణంలో దాదాపు మన భూమి అంత ఉంటాడు. అందుకే ఆ మేఘాల కింద అడవులు, సముద్రాలు ఉండవచ్చునని ఒకప్పుడు కొందరు ఊహించారు. నిజం వేరు. అక్కడి నేలమీద ఉష్ణోగ్రత సుమారు 460 డిగ్రీల సెంటిగ్రేడు. సీసం 327 డిగ్రీలకే కరిగిపోతుంది. గాలి పీడనం మనకన్నా 90 రెట్లు. మేఘాల్లో ఉండేది నీరు కాదు, గంధకికామ్లం.

ఈ సంగతులు ఒక్కసారిగా తెలియలేదు. 1967లో సోవియట్ నౌక వెనెరా-4 ఆ వాతావరణంలోకి దిగుతూ వివరాలు పంపి, నేల చేరకముందే మూగబోయింది. అక్కడి పీడనం అనుకున్నదానికన్నా చాలా ఎక్కువని ఆ ప్రయత్నాల వల్లనే తేలింది. ఆ లెక్కతో వెనెరా-7ను మరింత గట్టిగా తయారుచేశారు. 1970 డిసెంబరు 15న అది పారాచూట్ చెడి నేలకు కొట్టుకుంది. అయినా 23 నిమిషాలు సన్నని సంకేతాలు పంపింది. మరో గ్రహం నేల నుంచి మనకు వార్త అందడం అదే మొదలు. 1982 మార్చి 1న దిగిన వెనెరా-13 అయితే 32 నిమిషాల పనికి తయారై 127 నిమిషాలు బతికింది. రంగుల ఫోటోలు పంపింది. అక్కడి రాయి బసాల్టు జాతిదని చెప్పింది. మన దక్కను నల్లరాయీ ఆ జాతిదే!

మా పొలంలో రెండు బోర్లు ఎండిపోయాక మూడోదానిలో నీళ్లు పడ్డాయి. ఆ రెండింటి అప్పు ఇంకా తీరలేదు. కాబట్టి నష్టం అంటే ఏమిటో నాకు తెలియకపోలేదు. తట్టుకోగల నష్టానికే సాహసం చేయాలి. యంత్రం కాలిపోతే మరొకటి చేసుకోవచ్చు, మనిషి పోతే తిరిగి రాడు. అందుచేత శుక్రుడి నేలమీదికి మనిషిని పంపాలంటే నేను ఒప్పుకోను. యంత్రాన్ని మాత్రం పంపవలసిందే.

ఎందుకంటే సూర్యుడికి దగ్గరగా ఉన్నది బుధుడే అయినా, ఎక్కువ వేడి శుక్రుడిదే. కారణం అక్కడి గాలిలో 96 శాతం ఉన్న కార్బన్ డయాక్సైడ్. అది వేడిని బయటికి పోనివ్వదు. ఇక్కడ మన గాలిలో, ఫ్యాక్టరీల యుగానికి ముందు పదిలక్షల భాగాల్లో 280గా ఉన్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. భూమి శుక్రుడిలా అయిపోతుందని కాదు. కాని సూత్రం ఒక్కటే. ఎండలు ముదిరితే ముందు నష్టపోయేది రైతే.

శుక్రుడి చుట్టూ తిరిగే నౌక కోసం 2024 సెప్టెంబరులో మన కేంద్ర మంత్రివర్గం 1,236 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఇదంతా నాన్నకు చెప్పాను. కాసేపు ఆలోచించి, "సరే, పంపనీ. కాని ఆ చుక్క ఏం చెప్పిందో మాకూ అర్థమయ్యేలా చెప్పండ్రా, చదువుకున్నవాళ్లు" అన్నాడు.

ఆ పని మనదే కదా మిత్రులారా!