పరీక్షింపని పాత సామాను

పాత వస్తువులను గొనుటయు నమ్ముటయు మన సంసారములకు క్రొత్త గాదు. కుట్టుయంత్రము, మేజాబల్ల, ఇనుప బీరువా మొదలగునవి చేతులు మారుచు రెండు మూడు కుటుంబముల కక్కరకు వచ్చుట మన మెఱిగినదే. అది పొదుపరితనమే గాని తప్పు గాదు. అయితే కొన్ని యేండ్లుగా ఈ బేరము వీధి యరుగుమీదినుండి సెల్‌ఫోనులోనికి బోయినది. తాడేపల్లిగూడెములో నొకరు తమ పాత ల్యాప్‌టాపు ఛాయాపటమును ఆన్‌లైనులో నుంచుదురు. ఏలూరులోనో కైకలూరులోనో యొక యిల్లాలు దానిని జూచి, ధర కుదుర్చుకొని, సొమ్ము పంపును. అమ్మినవారి మొగమును గొన్నవా రెఱుగరు. వస్తువు ఇల్లు చేరిన పిదప మీట నొక్కిన వెలుగదు. ఇదేమని యడిగినచో, "పరీక్షింపలేదని ముందే వ్రాసితిమి గదా!" యని జవాబు వచ్చును. తగవు మొదలగును.

ఈ "పరీక్షింపలేదు" అను మాట నిజముగా నేమి చెప్పుచున్నది? దాని చాటున అమ్మినవారి బాధ్యత యెంతవఱకు దాగగలదు? పిల్లల చదువునకై నెలనెల దాచిన రూపాయలు, పొదుపు సంఘమునుండి తెచ్చిన ఋణము ఇట్టి బేరములలో బోవుట సంసారమునకు చిన్న నష్టము గాదు. పైగా, "నిన్నెవరు కొనుమనిరి?" అను నిష్ఠూరము గూడ నిల్లాలిమీదనే పడును. కావున ఈ సంగతిని సోదరీమణులు చక్కగ నెఱుగుట మంచిదని నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ మాట వ్రాయువారు మూడు తెగల వారుందురు. నిజముగా పరీక్షింప వీలులేనివారు మొదటివారు. ఛార్జరు పోయిన ఫోను, కాలము చేసిన పెద్దలు వాడిన యంత్రము వీరి చేతిలో నుండును. తీరిక లేకయో, శ్రద్ధ లేకయో చూడనివారు రెండవవారు. చూచి, పనిచేయదని తెలిసికొని, ఆ సంగతి దాచుటకై "చూడలేదు" అని వ్రాయువారు మూడవవారు. మొదటివారిది యథార్థము, రెండవవారిది సోమరితనము, మూడవవారిది అబద్ధము. మూడింటికిని పైముసుగు ఒక్కటే యగుటచేత ముసుగును జూచి మనిషిని నిర్ణయింప వీలుపడదు.

కాని ధరను జూచి కొంత యూహింపవచ్చును. పనిచేయు వస్తువునకు వెల యెక్కువ, పనిచేయనిదానికి వెల తక్కువ. ఐదు నిమిషములు మీట వేసి చూపినచో వెల పెరుగుచుండగా అమ్మువా రా ఐదు నిమిషముల శ్రమ యేల పడలేదు? ఈ ప్రశ్నకు తగిన సమాధానము లేనిచో, ఆ వస్తువు పనిచేయదనియే యెంచి, విడిభాగముల కిచ్చు వెల మాత్రమే యీయవలెను. పనిచేయు వస్తువు వెల యిచ్చి పరీక్షింపని వస్తువును గొనుట, నీళ్లలోనున్న బఱ్ఱెను బేరమాడినట్లే యగును. కొల్లేటి తీరమువారి కీ సామెత అర్థము వేఱుగ జెప్ప నక్కఱలేదు. కొమ్ములు తప్ప మఱేమియు గనబడదు.

మన ప్రాంతపు బేరములలో పరీక్షకు మొదటినుండియు స్థానము గలదు. తాడేపల్లిగూడెపు ఉల్లిపాయల బజారులో సంచిమూతి విప్పి, గడ్డను వ్రేళ్లతో నొక్కి చూచిన పిదపగాని బేరము సాగదు. ఏలూరు తివాచీని దిరుగవేసి, అడుగున ముడులెంత దగ్గఱగ నున్నవో చూచి వెల కట్టుదురు. చేపను గొనునప్పుడు మొప్ప లెత్తి చూడని యిల్లా లుండదు. ఎలక్ట్రానిక్ వస్తువున కట్టి మొప్పలు లేవు. దాని లోపము లోపలి పలకమీద, కంటికానని తీగలలో నుండును. అందుచేతనే చూడనిదే కొనరాదను పాతనియమము దీనికి మఱింత యవసరము.

ఇక నీటి సంగతి యొకటి కలదు. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమనున్న కొల్లేటి ప్రాంతమున గాలిలో చెమ్మ యెక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేలాది యిండ్లను ముంచినది. ఆ బుడమేటి నీరు చేరునదియు కొల్లేటికే. నీట మునిగిన టీవీగాని ఫోనుగాని యెండబెట్టిన పిదప కొన్నాళ్లు పనిచేయవచ్చును. కాని లోపలి లోహపు అతుకులకు క్రమముగా చిలుము పట్టి, కొన్ని వారములకో నెలలకో హఠాత్తుగ నాగిపోవును. కావున "పనిచేయుచున్నదా?" యని యడిగిన జాలదు, "ఎప్పుడైన నీట తడిసినదా?" యనియు నడుగవలెను. అనేక ఫోనులలో సిమ్ము పెట్టు గాడిలో నొక చిన్న తెల్లని చీటీ యుండును. తడి తగిలిన నది యెఱ్ఱబారును.

చట్టము ఈ విషయమున నేమి చెప్పుచున్నది? 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 17వ సెక్షనులో మోసమును నిర్వచించుచు ఒక గుఱ్ఱపు ఉదాహరణ మిచ్చినది. ఒకడు తన గుఱ్ఱమునకు లోపమున్నదని యెఱిగియు, వేలములో నేమియు జెప్పక యమ్మినచో, ఆ మౌనమాత్రమే మోసము గాదు. కాని కొనునది యప్పుడే యుక్తవయస్సు వచ్చిన యతని కూతురైనచో, ఆ సంబంధమునుబట్టి లోపము చెప్పుట యతని విధి. ఇక కొనువాడు, "నీవు కాదనకున్నచో గుఱ్ఱము మంచిదని యెంచెద"నని చెప్పగా అమ్మువాడు పలుకకున్నచో, ఆ మౌనము మాటతో సమానమే. నూటయేబది యేండ్లు దాటిన ఈ యుదాహరణమున నేటి ఫోను బేరమునకు గావలసిన నీతి యంతయు నున్నది. అడుగనివారియెడల మౌనము చెల్లవచ్చును, అడిగినవారియెడల చెల్లదు. ఇక చెడినదని తెలిసియు "పరీక్షింపలేదు" అని వ్రాయుట మౌనముగూడ గాదు. అది అసత్యము పలుకుటయే. అట్టి మోసమువలన గుదిరిన ఒప్పందమును మోసపోయినవారు రద్దు చేసికొనవచ్చును.

1930 నాటి వస్తు విక్రయ చట్టము ప్రకారము వర్ణనను బట్టి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవలెను. "బాగుగ పనిచేయుచున్నది" అని వ్రాసి అమ్మినవారు ఆ మాటకు గట్టుపడవలసినదే. ఆ వస్తువుల వ్యాపారమే చేయువారు అమ్మినచో, అది వాడుకకు తగినదిగ నుండవలెనను షరతు మామూలుగా చెప్పకయే యుండును. అయితే "ఉన్నది యున్నట్లుగా" నని స్పష్టముగ నొప్పుకొని కొన్నచో ఆ రక్షణ తొలగిపోవచ్చును. కొనువారు వస్తువును పరిశీలించి కొన్నచో, ఆ పరిశీలనలో బయటపడవలసిన లోపములకు పిమ్మట వర్తకుని నిందింప వీలులేదు. కావున చూచిన చక్కగ చూడవలెను.

ఇచట మఱియొక భేద మెఱుగవలెను. 2020 జూలై 20 నుండి అమలులోనున్న 2019 వినియోగదారుల రక్షణ చట్టము వర్తకులమీద ఫిర్యాదులకు ఉద్దేశింపబడినది. పాత వస్తువును క్రొత్తదని నమ్మించి యమ్ముట ఆ చట్టము ప్రకారము అనుచిత వ్యాపార పద్ధతి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారము ఆన్‌లైను అంగడివారు ఫిర్యాదు నందుకొన్నట్లు 48 గంటలలో దెలిపి, ఒక మాసములో పరిష్కరింపవలెను. చెడినదిగాని, వర్ణనకు సరిపోనిదిగాని యగు వస్తువును అమ్మకపువారు తిరిగి తీసికొననని యనరాదు. కాని తన యింటి పాత ఫోనును ఒకసారి యమ్ముకొను సామాన్యుడు వర్తకుడు గాడు; ఈ నిబంధన లాతనికి వర్తింపవు. అతనితో తగవు వచ్చిన, సివిలు కోర్టుకో, మోసమైనచో పోలీసులకడకో పోవలసి యుండును. కాబట్టి కొనుటకు ముందే, "అమ్ముచున్నది దుకాణమా, ఒంటి మనిషియా?" యని తెలిసికొనుట ముఖ్యము.

వస్తువును స్వయముగ జూచి కొనుటయే ఉత్తమము. పగటిపూట, నలుగురు మసలు చోట, ఇంటివారిలో నొకరిని వెంటబెట్టుకొని పోవలెను. ఫోనులో నక్షత్రము, హ్యాష్, సున్న, ఆఱు, హ్యాష్ అను మీటలు వరుసగ నొక్కిన దాని 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య కనబడును. ఆ సంఖ్యను కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీలో సరిచూచిన, అది దొంగసొత్తుగా నిలిపివేయబడినదేమో తెలియును. పాత యజమాని ఖాతా తీసివేయబడినదా యని చూడవలెను; అది యున్నచో ఫోను తుడిచిన పిదప తాళము పడి యిటుక రాయితో సమానమగును. ల్యాప్‌టాపును ఛార్జరు తీసివేసి అరగంట నడిపి చూడవలెను. ప్రతి మీటను నొక్కి, కెమెరా, స్పీకరు, వైఫై పరీక్షింపవలెను. బ్యాటరీ ఉబ్బియున్నచో ఎంత చవుకైనను గొనరాదు. అది నిప్పంటుకొను ప్రమాదము గలది. ఇన్వర్టరు బ్యాటరీని వోల్టేజి అంకె చూచి నమ్మక, నాలుగు దీపములు, రెండు పంకాలు కొంతసేపు నడిపి చూడవలెను.

దూరమునుండి కొనక తప్పనిచో, గుఱ్ఱపు ఉదాహరణమును తలచుకొని ప్రశ్నలను వ్రాతపూర్వకముగ నడుగవలెను. "ఇది వెలుగుచున్నదా? తడిసినదా? మరమ్మతు జరిగినదా? తెలిసిన లోపము లేవి? కాదనకున్నచో బాగుగ నున్నదని యెంచెదము" అని సందేశము పంపి, జవాబును భద్రపఱుపవలెను. కట్ట విప్పునప్పుడు మొదటినుండి వీడియో తీసి, ఆనాడే పరీక్షింపవలెను. "సొమ్ము పంపుచున్నాము, ఈ క్యూఆర్ గుర్తును స్కాను చేసి పిన్ కొట్టుడు" అని యెవరైన ననినచో అది వంచన. సొమ్ము పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ ఎన్నడును అక్కఱలేదు.

నష్టము జరిగినచో ఊరకుండరాదు. సైబరు వంచన యైనచో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగ జెప్పిన సొమ్ము నిలుచుట కంత యవకాశము. వర్తకునితో తగవైనచో జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. అచట తీరకున్నచో ఏలూరులో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. అమ్మినవారు ఢిల్లీలో నున్నను, కొన్నవారు తాము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చునని 2019 చట్టము సౌకర్యము కల్పించినది. తగవునకు కారణము పుట్టిన రెండేండ్లలోపల చేయవలెను. 5 లక్షల రూపాయలలోపు వెలగల వస్తువులకు రుసుము లేదు. వకీలు లేకయే తామే చెప్పుకొనవచ్చును.

కొనువారి సంగతి యింత చెప్పి, అమ్మువారి ధర్మము చెప్పకున్న న్యాయము గాదు. మన యిండ్లనుండియు పాత ఫోనులు అమ్మకమునకు బోవుచున్నవి. కొనువారిలోను మంచి భాగమును దీసి చెడ్డది పెట్టి తిరిగి పంపువారు గలరు. కావున అమ్మువారును వస్తువు నడుచుచుండగ వీడియో తీసి, దాని సంఖ్య వ్రాసియుంచుకొనుట మేలు. ఇంటి ఛాయాపటములను, బ్యాంకు వివరములను తుడిచివేయవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, తెలిసిన లోపమును తెలిసినట్లు వ్రాయవలెను. "తెర మూల పగిలినది, బ్యాటరీ మూడు గంటలే నిలుచును" అని వ్రాసినచో నాలుగు వందలు తగ్గవచ్చును. తగవు మాత్రము రాదు. పరీక్షింప వీలులేకున్న, ఎందుచేత వీలులేదో యొక్క వాక్యము వ్రాసిన జాలును.

కొనునది తన కూతురైనచో లోపము చెప్పక తప్పదని చట్టము తండ్రిని నిర్బంధించినది. ఆవలి యూరిలో మన వస్తువునకై యెదురుచూచునదియు ఎవరో యొకరి కూతురే. ఆమె అడుగకముందే చెప్పుట మన యింటికి గౌరవము. ఆమె స్థానమున మన మున్నప్పుడు అడుగుటకు మొగమాట పడకుండుట మన సొమ్మునకు రక్షణ.