పుస్తకము చేతబట్టిన తమ్ముడు

కవలలలో ఐదు నిమిషములు వెనుక పుట్టినవాడును తమ్ముడే. అట్టి తమ్ముని కథానాయకునిగా నిలిపిన అమెరికా యానిమేషన్ ధారావాహిక ‘గ్రావిటీ ఫాల్స్’. అలెక్స్ హిర్ష్ సృష్టించిన యీ కదలుబొమ్మల సాహసగాథ 2012 జూన్ 15 మొదలు 2016 ఫిబ్రవరి 15 వరకు 40 అంకములుగా టెలివిజన్‌లో ప్రసారమయ్యెను. తమ్ముడు డిప్పర్, అక్క మేబెల్. హిర్ష్ తన కవల సోదరితో గడపిన బాల్యమునుండియే వీరిని మలచెను.

పన్నెండేండ్ల యీ కవలలు కాలిఫోర్నియానుండి వేసవి సెలవులకు ఆరెగాన్ రాష్ట్రపు అడవులలోని గ్రావిటీ ఫాల్స్ అను చిన్న యూరికి వత్తురు. అచట వారి తాతగారి సోదరుడు స్టాన్ వింతవస్తువుల ప్రదర్శనశాల నడుపుచుండును. సప్తర్షి మండలమును బోలిన మచ్చ నొసట నుండుటచే, ఆ చుక్కల యింగ్లీషు పేరే బాలునికి పిలుపుపేరైనది. అడవిలో ఆతనికొక వ్రాతపుస్తకము దొరకును. దాని యట్టపై ఆరువ్రేళ్ల బంగరు హస్తమును, 3 అను అంకెయు గలవు. ఆ యూరి వింతలను వర్ణించుచునే, ఎవ్వరిని నమ్మవలదని యా పుస్తకము హెచ్చరించును.

తొలి అంకమునందే ఆతని పుస్తకజ్ఞానమునకు పరీక్ష కలిగెను. అక్క క్రొత్తగా స్నేహించిన యువకుడు, పుస్తకమున జెప్పిన లక్షణములనుబట్టి, నడచు శవమని డిప్పర్ నిశ్చయించును. వాడు మనుష్యుడు కాడన్నంతవరకు నిజమే. కాని యది యొకరి భుజములపై నొకరు నిలిచి మనిషి వేషము ధరించిన మరుగుజ్జుల గుంపు! తుదకు మేబెల్ ఆకులూడ్చు గాలియంత్రముతో వారిని పారద్రోలును.

2015 మార్చి 9న ప్రసారమైన అంకములో పరీక్ష మరింత కఠినము. స్టాన్ దాచిన దొంగ గుర్తింపుపత్రములను డిప్పర్ కనిపెట్టును. నేలమాళిగలోని యంత్రము లోకమునకే ముప్పని తలచి, దానిని నిలుపుమని అక్కను వేడును. సాక్ష్యమంతయు తమ్ముని పక్షముననే యున్నది. అయినను మేబెల్ తాతను నమ్మి మీట నొక్కక విడచును. యంత్రద్వారమునుండి వెలువడినవాడు స్టాన్ కవల సోదరుడు ఫోర్డ్. డిప్పర్ వెదకుచున్న గ్రంథకర్త యాతడే!

ఫోర్డ్ కూడ పుస్తకప్రియుడే. బాల్యమున ఆతడు పాఠశాలా ప్రదర్శనకై చేసిన యంత్రము స్టాన్ వలన చెడి, కోరిన కళాశాల చేజారగా, అన్నదమ్ములు విడిపోయిరి. తరువాత కలిసినప్పుడును పుస్తకము కొరకే పెనగులాడ, ఫోర్డ్ లోకాంతరమున బడి ముప్పదియేండ్లు చిక్కుకొనెను.

ఇట్టి ఫోర్డ్ తనకు శిష్యుడవై యిచటనే యుండుమని డిప్పర్‌ను పిలుచును. చదువునందు మనసుగల పిల్లవానికి అంతకంటె గొప్ప వరమేది? ఆతడు సమ్మతించును. ఆ మాట విన్న మేబెల్ దుఃఖముతో పారిపోయి శత్రువు వలలో జిక్కుటచే ఊరంతయు తలక్రిందులగును. అప్పుడు డిప్పర్, పెరుగుట కష్టమే యైనను కలిసి పెరుగుదమని చెప్పి, శిష్యత్వమును వదలి అక్కతో ఇల్లు చేరుటకు నిశ్చయించును.

పుస్తకములు మూడును శత్రువు చేతిలో దగ్ధమగును. పదమూడవ పుట్టినదినము జరుపుకొని బస్సెక్కిన డిప్పర్ చేత ఆ పుస్తకము లేదు. ప్రక్కన అక్క యున్నది. పెద్దలగు కవలలు చేయలేని పని చిన్నవారు చేసి చూపిరి. ఈ కథ యింటిల్లిపాదియు చూడదగినదగుటకు కారణమిదియే.