మనసు బాగోలేదా? ఈ చిన్న అలవాట్లతో మొదలుపెట్టండి.. తగ్గకపోతే 14416కి కాల్ చేయండి

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కొత్తగా నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అంత నష్టం చూసినవాళ్లకు ‘ధైర్యంగా ఉండు’ అన్న ఒక్క మాట సరిపోదు. మరేం చేయాలి?

పోయినదాన్నే లెక్కపెట్టే మనసుకు మిగిలినదాన్ని కూడా గుర్తుచేయడమే కృతజ్ఞత. అమెరికాలో ఎమన్స్, మెకల్లా 2003లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే కనిపించింది. వారానికోసారి తమకు జరిగిన మేలు రాసుకున్నవాళ్లు, చికాకులు రాసుకున్నవాళ్ల కంటే జీవితం పట్ల ఎక్కువ తృప్తిగా ఉన్నారు.

ఇలా చేసి చూడండి..

* వారానికోసారి, మీకు సాయపడినవాళ్ల గురించి నాలుగు ముక్కలు రాయండి.
* పొద్దున్నే నాగావళి గట్టునో, ఊరి చెరువు గట్టునో అరగంట నడవండి. ఉదయపు వెలుతురు పడితే రాత్రి నిద్ర గాడిలో పడుతుంది.
* రోజూ ఒకే టైమ్‌కి పడుకోండి. చోడి అంబలైనా సరే, పొద్దున ఖాళీ కడుపుతో ఉండొద్దు.

రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే డాక్టర్‌ని కలవండి. చనిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు. కేంద్రం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబర్ 14416కి వెంటనే కాల్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.