అంతరిక్ష చరిత్ర: పిల్లలకు తేదీలు చాలవు

పదో తరగతి విద్యార్థిని అంతరిక్ష చరిత్ర అడిగితే నాలుగు తేదీలు గడగడా చెబుతాడు. 1957 అక్టోబర్ 4 స్పుత్నిక్, 1961 ఏప్రిల్ 12 గగారిన్, 1969 జూలైలో చంద్రుడిపై మనిషి, 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3. మార్కులకు ఇవి చాలు. స్పుత్నిక్ కింద ఎందుకు పడలేదని అడిగితే మాత్రం తల వంచుకుంటాడు. ఈ పాఠాన్ని మేము ఎలా చెబుతున్నామో, అందుకు ఏమి అవసరమో దాతలైన మీకు వివరించడం మా బాధ్యత.

మొదటి రోజుకు ఒక ఫుట్‌బాల్, ఒక చిన్న బత్తాయి చాలు. ఫుట్‌బాల్ భూమి, బత్తాయి చంద్రుడు. చంద్రుణ్ణి ఎంత దూరంలో పెట్టాలని అడిగితే పిల్లలు దాదాపు అందరూ మూరెడు దూరంలో పట్టుకుంటారు. ఆ కొలతలో అసలు దూరం ఆరున్నర మీటర్లు! ఒకరు నల్లబల్ల దగ్గర నిలబడితే మరొకరు వెనుక గోడ దాకా నడవాలి. మరి వ్యోమగాములు నెలల తరబడి ఉండే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఎక్కడ? ఫుట్‌బాల్ మీద ఏడు మిల్లీమీటర్ల ఎత్తున. అంటే నిజంలో సుమారు 400 కిలోమీటర్లు. ఇది తెలిశాక చంద్రయానం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

కిందపడకపోవడానికి కారణం ఎత్తు కాదు, వేగం. రాయిని గట్టిగా విసిరినకొద్దీ దూరంగా పడుతుంది. సెకనుకు దాదాపు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో విసరగలిగితే, అది పడుతూనే ఉంటుంది; భూమి కూడా దాని కింద వంగిపోతూ ఉంటుంది. 83.6 కిలోల స్పుత్నిక్ అలాగే 96 నిమిషాలకొక చుట్టు తిరిగింది.

ఇక మన దేశం కథ. కేరళలోని తుంబా భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్న మత్స్యకారుల ఊరు. రాకెట్ కేంద్రానికి ఆ స్థలం కావాలని విక్రమ్ సారాభాయ్ అడిగితే, అక్కడి బిషప్, ప్రజలు తమ చర్చినే ఇచ్చారు. ఆ చర్చి కార్యాలయమైంది. 1963 నవంబర్ 21న అక్కడి నుంచే మొదటి రాకెట్ లేచింది. దానధర్మాలు చేసే మీవంటి పెద్దలకు ఈ ముక్క నచ్చుతుందని మా నమ్మకం.

అన్నిటికంటే ఎక్కువ సమయం మేము ఇచ్చేది ఎస్ఎల్‌వీ-3కి. అబ్దుల్ కలాం ప్రాజెక్టు డైరెక్టరుగా, 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి వదిలిన ఆ రాకెట్ రెండో దశలో అదుపు తప్పి, 317 సెకన్ల తరువాత సముద్రం పాలైంది. ఇంతవరకు చెప్పి, కారణం ఏమై ఉంటుందో రాయమంటాం. సెలవుల్లో మెకానిక్ షెడ్డుకు వెళ్లే పిల్లలే ముందు చెయ్యెత్తుతారు: "వాల్వులో చెత్త ఇరుక్కుందేమో సార్!" జరిగింది అదే. వాల్వు మూసుకోక, రెండో దశను అదుపు చేయడానికి ఉంచిన ఆమ్లం ముందే కారిపోయింది. ఆ రోజు విలేకరుల ముందు బాధ్యత తనదేనని చెప్పినవారు ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్. 1980 జూలై 18న 35 కిలోల రోహిణి కక్ష్యలో చేరినప్పుడు మాత్రం కలాంనే మాట్లాడమన్నారు.

లెక్కల్లో తప్పితే చదువు మాన్పించి షెడ్డులో చేర్చేసే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. అటువంటి పిల్లవాడికి ఫెయిలైన జవాబు పత్రం తిరిగిచ్చి, ఏ మెట్టులో తప్పు జరిగిందో వాల్వును వెతికినట్టు వెతకమంటే, మారు మాట్లాడకుండా కూర్చుంటాడు.

టెలిస్కోపు కొనిస్తామని కొందరు దాతలు అంటారు. సంతోషమే. అయితే బడి పగలు నడుస్తుంది, టెలిస్కోపుకు రాత్రి కావాలి. అదే సొమ్ముతో ఒక బస్సు మాట్లాడితే పిల్లలు శ్రీహరికోటలో సందర్శకుల గ్యాలరీ నుంచి ప్రయోగాన్ని కళ్లారా చూస్తారు. ముందుగా ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేయించాలి. నిప్పు కనిపించిన క్షణం నుంచి శబ్దం చేరేవరకు సెకన్లు లెక్కించి మూడుతో భాగిస్తే, రాకెట్ ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో ఐదో తరగతి పిల్ల కూడా చెప్పగలదు.

ఖర్చులో ఒక రాత్రి బసకు, రెండు పూటల భోజనానికి అదనంగా కలపండి. ప్రయోగాలు వాయిదా పడుతుంటాయి. 2019 జూలై 15న చంద్రయాన్-2 కౌంట్‌డౌన్ ఇంకా 56 నిమిషాలు ఉందనగా ఆగిపోయింది. తిరిగి 22న ఎగిరింది.